జలరత్న అమ్మిరాజు: తొలగింపు చర్చ

3 ఆగస్టు 2024, శనివారం

అమ్మిరాజుకి పేజీ పెట్టారు! చక్రవర్తులు, శాస్త్రవేత్తలు, నదులు, గ్రహాలు ఉండే నెట్టు విజ్ఞానకోశంలో మా రాయపూర్ గుఢియారీ మాజీ పార్షద్ అమ్మిరాజు. నవ్య దాన్ని "కార్పొరేటర్" అని రాసింది గానీ, ఇక్కడ పార్షద్ అంటేనే మనిషి కళ్ళ ముందుకొస్తాడు. 2005 నుంచి 2009 దాకా ఒకే ఒక్కసారి గెలిచాడు. రెండోసారి నిలబడి ఓడాడు. మూడోసారి నిలబడలేదు. మూడేళ్ళ క్రితం పోయాడు. జీవిత చరిత్ర సమాప్తం.

నవ్య ఆయన మనవరాలు. ఇందులో తప్పు నాదే. ఫిబ్రవరిలో తెలుగు సమాజం హాల్లో "విజ్ఞానకోశంలో రాయడం ఎలా" అని ఆదివారం క్లాసు చెప్పింది నేను. పదో తరగతి రెండుసార్లు తప్పినవాడు విజ్ఞానం పంచడమేమిటని మా ఆవిడ రజని ఆ రోజే అంది. రైల్వే వ్యాగన్ రిపేరు షాపులో ఫిట్టర్ని. వంగినదాన్ని సరిచెయ్యడం వచ్చు. అది వాక్యమైతే ఏమిటి, వ్యాగనైతే ఏమిటి? ఏడుగురు వచ్చారు. ఆరుగురు సమోసా తిని వెళ్ళిపోయారు. నవ్య నేర్చుకుంది.

భాష పరవాలేదు. "ప్రజాసేవకుడు" అని మూడుసార్లు రాసింది, అవి తీసెయ్యాలి. ఏదో పేపరు కటింగు కూడా ఎక్కించింది. తెరవలేదు. ఏముంటుంది, రిబ్బను కత్తిరిస్తున్న ఫోటో ఉంటుంది.

4 ఆగస్టు

ఇవాళ ఆ పేజీ చూడలేదు. రెండుసార్లు తప్ప.

5 ఆగస్టు, సోమవారం

మురళీమోహన్ దిగాడు. విజ్ఞానకోశం నిర్వాహకుల్లో ఒకడు, గుంటూరు వైపు ఎక్కడో లెక్చరరట. మొహం ఎప్పుడూ చూడలేదు గానీ ఐదేళ్ళుగా శ్రద్ధగా ద్వేషిస్తున్నాను. పేజీ నెత్తిన ఎర్ర పట్టీ అంటించాడు. "ఈ వ్యక్తికి విజ్ఞానకోశంలో ఉండదగిన ప్రాధాన్యం ఉందా? ఏడు రోజులు చర్చించి, తొలగించాలో ఉంచాలో నిర్ణయిస్తాం." ఆ కింద ప్రతి వాక్యం పక్కనా తన ముద్ర: ఆధారం కావాలి. పలాసలో పుట్టాడు. ఆధారం కావాలి. రైల్వేలో పనిచేశాడు. ఆధారం కావాలి. పోయాడు. దానికి కూడా ఆధారం కావాలి! పదకొండో రోజు భోజనంలో నేను వడ్డించాను నాయనా, ఇంకేం కావాలి?

రూలు నాకు తెలియక కాదు. పార్షద్ అయినంత మాత్రాన పేజీ రాదు. అతనితో సంబంధం లేనివాళ్ళు అతని గురించి అచ్చులో రాసి ఉండాలి. బాగానే ఉంది. ఒక్క మ్యాచ్ ఆడి సున్నాకి అవుటైనవాడికి పేజీ ఉంది. మనిషన్నవాడు లేని ఊళ్ళకు పేజీలున్నాయి. ఐదేళ్ళు వార్డు తిట్లన్నీ తిన్నవాడికి మాత్రం ప్రాధాన్యం ఉందో లేదో చర్చించాలి.

ఆ మంటలోనే, ఈ పిల్ల ఏ ఆధారం పెట్టిందో చూద్దామని కటింగు తెరిచాను.

అది నేను రాసిందే.

6 ఆగస్టు

డ్యూటీలో ఒక బోల్టు రెండుసార్లు బిగించి రెండుసార్లు విప్పాను.

సరే, రాస్తాను. హోలీ వస్తే ఇక్కడి హిందీ పేపర్లు ఒక పేజీ నిండా వెటకారం అచ్చేస్తాయి. పైన ఇంత లావు అక్షరాలతో "బురా న మానో, హోలీ హై" అని పట్టీ ఉంటుంది. ఏమీ అనుకోకండి, హోలీ కదా అని. ఆ పట్టీ కింద ఉన్నవన్నీ అబద్ధాలని చదవడం వచ్చిన ప్రతివాడికీ తెలుసు. పిసినారికి దానకర్ణుడి బిరుదు, ఆఫీసుకి రాని ఆఫీసరుకి హాజరు పతకం. 2009లో మా ధనుంజయ్ ఒక చిన్న పేపర్లో రిపోర్టరు. "సూర్యా భాయ్, గుఢియారీ నుంచి ఏదైనా మసాలా ఇవ్వు" అన్నాడు. టీ చల్లారేలోపు రాసిచ్చాను.

"గుఢియారీ పార్షద్ అమ్మిరాజుకు జాతీయ జలరత్న పురస్కారం. ఢిల్లీలోని అఖిల భారత జల సంరక్షణ మహాపరిషత్తు ఆయన వార్డు నీటి నిర్వహణను దేశానికే ఆదర్శంగా ప్రకటించింది."

ఆ వార్డులో గంట వాన పడితే మంచాల మీద వంట చేసుకోవాలి. అందుకే అందరూ పడీపడీ నవ్వారు. పేరు పెట్టుకోలేదు, "ఒక భుక్తభోగి" అని వేయించాను, అంటే అనుభవించినవాడు అని.

ఇప్పుడు నెట్టులో పైన పట్టీ లేదు, తేదీ లేదు. ఉత్త వార్త ముక్క, పక్కన ఆయన దండ వేసుకున్న ఫోటో. ఆంధ్రాలో కూర్చుని చదివేవాడికి అది నిఖార్సయిన వార్త. అంత బాగా రాశానని అప్పుడు నాకే తెలియలేదు.

ఆ డిసెంబరులో ఎన్నికలు. ఎదుటివాళ్ళు రిక్షా మీద నిజం పడవ కట్టి, "జలరత్న జీ, నావ తెచ్చాం, ఎక్కండి" అని మైకులో అరుస్తూ గల్లీ గల్లీ తిప్పారు. రెండువందల పన్నెండు ఓట్ల తేడాతో ఓడాడు.

పడవ ఐడియా నాది కాదు. ఇది రాసి పెట్టుకోవాలి. పడవ నాది కాదు.

7 ఆగస్టు

ఫణిశ్రీ అనే ఆవిడ చర్చలో రాసింది: "ఉంచాలి. జాతీయ పురస్కారం పొందిన స్థానిక నాయకుడు. ప్రవాసాంధ్రుల చరిత్రలో ఇలాంటివారు మరుగున పడకూడదు." ఎంత మంచి మనసు. ఆమె మీద అరవాలనిపించింది.

సాయంత్రం నవ్య ఫోను.

"అంకుల్, చూశారా? ఫణిశ్రీ మేడం ఉంచాలి అన్నారు! మీరూ ఒక మాట రాయండి ప్లీజ్. మీకు సీనియారిటీ ఉంది కదా."

"నా సీనియారిటీ నీకు తెలుసా? నెల రోజులు బ్లాకు చేశారు నన్ను."

"క్యోం? దేనికి?"

"హల్వాకి."

ఫోనులో నవ్వాపుకోలేకపోయింది. 2019లో పక్క ఊరి పేరు తగిలించి "మందిర్ హసౌద్ మిరపకాయ హల్వా" అని పేజీ పెట్టాను. మూడొందల ఏళ్ళ చరిత్ర, ఒక జమీందారు, అతని వంటవాడు, పచ్చిమిరపకాయలు. ఏడు నెలలు బతికింది. ఈలోగా ఎవడో దాన్ని కాపీ కొట్టి "ఛత్తీస్‌గఢ్ మరచిపోయిన మిఠాయిలు" అని వీడియో కూడా చేశాడు. మురళీమోహన్ పట్టుకున్నాడు. అప్పటినుంచి నేను కామా పెట్టినా వచ్చి చూస్తాడు.

"అది సరే, ఆ కటింగు ఎక్కడిదమ్మా?" అని అడిగాను, ఏమీ ఎరగనట్టు.

"నానమ్మ గదిలో ఫ్రేము కట్టి ఉంది కదా. బచ్‌పన్ నుంచి చూస్తున్నా. డేటు లేదు అంకుల్, నానమ్మని అడిగితే ఎలక్షన్ ఉన్న ఏడాది అంది. ఆ పేపరు ఆఫీసులో అడుగుదామంటే, ఆ పేపరే ఎప్పుడో బంద్ అయిపోయిందంట."

ఫ్రేము. ఆ ఇంటికి పండక్కీ పబ్బానికీ వెళ్తూనే ఉన్నాను. హాల్లో కూర్చుని టీ తాగి వచ్చేస్తాను. ఆ గదిలోకి ఎప్పుడూ పోలేదు.

8 ఆగస్టు

ఏమీ రాయలేదు. మురళీమోహన్ ఎలాగూ తీసేస్తాడు. నేను నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడం అబద్ధం చెప్పడం కాదు.

9 ఆగస్టు, శుక్రవారం

పొద్దుటినుంచి వాన. అండర్‌బ్రిడ్జి కింద ఆటో మునిగింది. షాపు నుంచి అటే తెలీబంధా వెళ్ళి ధనుంజయ్‌ని కలిశాను. ఇప్పుడు ఫ్లాట్లు అమ్ముతున్నాడు. గోడ మీద చెరువు కనిపించే బాల్కనీల బొమ్మలు. విషయం చెప్పగానే బల్ల మీద చరిచి నవ్వాడు.

"అరే వాహ్! మన హోలీ వార్త విజ్ఞానకోశంలోకి ఎక్కిందా? పార్టీ ఇవ్వు గురూ!"

"నవ్వకు. నువ్వు అప్పుడు రిపోర్టరువి. అది హోలీ పేజీయేనని ఒక మాట రాసివ్వు."

"పాగల్ హై క్యా? నేనిప్పుడు సార్లకు ఫ్లాట్లు అమ్ముతున్నా. అబద్ధం వార్త వేశానని రాసిస్తే నా బ్రోషరు ఎవడు నమ్ముతాడు? చోడ్ నా యార్. పోయినాయన. ముసలావిడ ఖుష్, మనవరాలు ఖుష్. నీకేంటి కడుపుమంట?"

"అబద్ధం కదా."

"నువ్వు! నువ్వు చెప్తున్నావా ఈ మాట!" అని మళ్ళీ నవ్వి, "అయినా గొడుగుల కేసులో నీకు లెటరిచ్చింది ఆయనే కదా?" అన్నాడు.

ఫ్లాటు ఎన్ని చదరపు అడుగులని అడిగాను.

ఇంటికొచ్చి చూద్దును కదా, ఫణిశ్రీ మేడం ఊరుకోలేదు. రాయపూర్ పేజీలో "ప్రముఖులు" కింద అమ్మిరాజుని చేర్చింది. జల సంరక్షణ పురస్కారాలని ఇంకో జాబితా ఉంది, అందులోనూ చేర్చింది. మిరపకాయ హల్వా కూడా సరిగ్గా ఇలాగే పాకింది. పైగా మురళీమోహన్ మెత్తబడ్డాడు! "జాతీయ పురస్కారం వాస్తవమైతే ఉంచడానికి నాకు అభ్యంతరం లేదు" అట. ప్రపంచంలో నేను నమ్ముకున్న ఒకే ఒక్క కఠినాత్ముడు ఇవాళే మెత్తబడాలా?

రేపు ఆ మహాపరిషత్తుకి కూడా ఎవరో పేజీ పెడతారు. స్థాపన, ఆశయాలు, కార్యవర్గం.

10 ఆగస్టు, శనివారం

రాసేశాను. చర్చలో, అందరూ చూసేచోట.

"ఈ వార్త హోలీ వెటకారం పేజీలోది. పురస్కారం లేదు, పరిషత్తు లేదు. రాసింది నేను. పేజీ తొలగించండి."

అరగంటలో జవాబొచ్చింది. మురళీమోహన్: "సూర్యారావు గారూ, మీ హల్వా మాకింకా గుర్తుంది. ఒక దివంగత ప్రజాప్రతినిధి విషయంలో ఇలాంటి చేష్టలు తగవు. వార్త మీరు రాసినట్టు ఆధారం కావాలి."

ఫణిశ్రీ: "ఆయన కుటుంబం చదువుతుందనైనా ఆలోచించారా?"

యాభై ఒక్క ఏళ్ళలో మొదటిసారి చర్చలో నిజం చెబితే చేష్ట అంటారు! అబద్ధానికి ఫ్రేము కట్టారు, జాబితాలో ఎక్కించారు. నిజానికి మాత్రం రసీదు చూపించాలి. ఫోను మంచం మీదికి విసిరాను. రజని దాన్ని తీసుకుని చర్చ అంతా చదివింది.

"నిజంగా మీరే రాశారా?"

"ఆఁ."

"మరి ఇన్నేళ్ళూ వాళ్ళింట్లో టీ ఎలా తాగారండీ?"

11 ఆగస్టు, ఆదివారం

ఇనప్పెట్టె అడుగున ఆ పేపరు ఉందని నాకు తెలుసు. మొదటిరోజు నుంచీ తెలుసు. అచ్చయిన నా వెటకారాలన్నీ దాచుకుంటాను. పూర్తి పేజీ, మీద పట్టీ, 2009 మార్చి తేదీ, అన్నీ భద్రంగా ఉన్నాయి. దాని కింద ల్యామినేషన్ చేసిన ఇంకో కాగితం కూడా ఉంది. దాన్ని పక్కన పెట్టాను.

నెట్టులో పెట్టేముందు అన్నమ్మత్తకి చెప్పాలి. అమ్మిరాజు మావయ్య భార్య. చుట్టరికం ఏమీ లేదు, పక్క క్వార్టర్లలో పెరిగిన పిలుపులు. పేపరు చుట్టి సంచిలో పెట్టుకుని వెళ్ళాను. గోడ కింద చెమ్మ మరకలు, మోకాలి ఎత్తుదాకా.

"ఏటిరా సూర్యం, ఆదివారం పూటా దారి తప్పావా? కూకో. చాయ్ పెడతానుండు."

"చాయ్ వద్దత్తా. గదిలో పటం చూడాలి."

మంచం తలవైపు ఉంది. దగ్గరికెళ్ళి చూశాను. పై అంచు స్కేలు పెట్టి కోసినట్టు తిన్నగా ఉంది. పట్టీ సరిగ్గా ఆ గీత పైనే ఉండాలి. తేదీ కూడా.

"ఇది ఎవరు కత్తిరించారత్తా?"

"మీ మావయ్యే. నా కుట్టు కత్తెర అడిగి తీసుకున్నారు. నాకు హిందీ చదవడం రాదు కదా. ఇక్కడే కూకోబెట్టి చదివి వినిపించారు, తెలుగులో. ఢిల్లీవాళ్ళు మెచ్చుకున్నారే అన్నారు. ఎవరు రాశారండీ అంటే, ఇంకెవరు, మన సూర్యమే అన్నారు. అందుకే కదరా పటం కట్టించాను. మనోడు రాశాడని."

పేరు పెట్టుకోలేదు నేను. పేరు పెట్టుకోకుండా రాసింది ఆయన ఎలా పోల్చాడు? వార్డులో అంత బాగా రాసే వెధవ ఇంకెవడున్నాడని కాబోలు.

పేపరు తీసి మంచం మీద పరిచాను. పట్టీ మీద వేలు పెట్టి చదివాను. ఇది హోలీ పేజీ అత్తా. అవార్డు లేదు. నవ్వులకి రాశాను.

ఆవిడ చాలాసేపు ఆ లావు అక్షరాలనే చూసింది. చదవడం రానివాళ్ళు అక్షరాలని బొమ్మల్లా చూస్తారు.

"అదా సంగతి," అంది చివరికి. "అవార్డు వచ్చినోణ్ణి చూసి జనం ఎందుకు నవ్వుతున్నారండీ అని అడిగితే, కళ్ళమంట గాళ్ళు, నువ్వు పట్టించుకోకు అనీవారు. ఆ పడవ వచ్చిన రోజున తలుపులేసేసి, ఫుల్ సౌండులో టీవీ పెట్టీసారు. నాకు వినబడకూడదని."

"పడవ నాది కాదత్తా."

"అడిగానా?"

పటం దించబోయాను.

"ముట్టుకోకు. ఉండనీ. నాకు గుర్తున్నది ఆయన చదివింది, నువ్వు రాసింది కాదు." కొంగుతో అద్దం తుడిచింది. "ఆ నెట్టులోది మాత్రం తీయించీ. ఊరందరికీ చెప్పడానికి అది మా ఇంటి మాట. చాయ్ తాగుతావా, పోతావా?"

తాగాను. పంచదార వెయ్యలేదు. మరిచిపోయిందో, లేదో.

12 ఆగస్టు, సోమవారం

పూర్తి పేజీ ఫోటో పెట్టాను. గంటలో తేలిపోయింది.

"చర్చ ముగిసింది. ఆధారం వెటకార వార్త అని రుజువైనందున, ప్రాధాన్యం నిరూపణ కానందున పేజీ తొలగించాం."

ఆఖరు ప్రయత్నంగా అడిగాను. ఈయన పార్షద్‌గా ఉండగా మా వార్డులో ప్రతి ఇంటికీ నివాస పత్రాలు రాసిచ్చాడు. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళకి ఇక్కడివాళ్ళే అని చెప్పే కాగితం ఇంకేదీ లేదు. ఆ లెటరు చూపించే పిల్లల్ని బడిలో వేశారు, రేషను కార్డులు తెచ్చుకున్నారు. ఇప్పటికీ ఇళ్ళల్లో దాచుకున్నారు. అవి ఆధారాలుగా పనికిరావా? మురళీమోహన్ ఈసారి గౌరవంగానే చెప్పాడు: "ప్రచురితం కాని పత్రాలు పనికిరావండీ. నియమం."

నియమమే. నేను క్లాసులో చెప్పిన నియమమే. నేను కల్పించింది అచ్చయింది కాబట్టి దానికి ఏడు రోజుల గౌరవం దక్కింది. ఆయన చేసింది సంతకం కాబట్టి దానికి ఒక్క గంట కూడా దక్కలేదు.

ఇది చాలదన్నట్టు మురళీమోహన్ నా ఖాతాలో ఒక పతకం బొమ్మ అంటించి వెళ్ళాడు. "నిజాయితీ పతకం. బూటకపు సమాచారాన్ని బయటపెట్టినందుకు." ఫణిశ్రీ మేడం కింద చప్పట్ల బొమ్మ పెట్టింది.

పతకం తీసేశాను. మళ్ళీ పెట్టాడు, పొరపాటున పోయిందనుకుని. మళ్ళీ తీసేశాను.

13 ఆగస్టు

నవ్య ఫోను ఎత్తడం లేదు. ఒక్క మెసేజి వచ్చింది: "మీరు మొదటిరోజే చెప్పొచ్చు కదా అంకుల్."

చెప్పొచ్చు.

14 ఆగస్టు, బుధవారం

ల్యామినేషన్ కాగితం మూడు రోజులుగా ఫ్రిజ్ మీద ఉంది. రజని దాన్ని చదివి అక్కడే పెట్టేసింది.

2009 జులైలో షాపు నోటీసు బోర్డు మీద "రేపు ఉదయం గేటు దగ్గర ఉద్యోగులకు ఉచిత గొడుగులు" అని టైపు చేసి అంటించాను. నాలుగొందల మంది వానలో వరస కట్టారు. షిఫ్టు గంటన్నర ఆలస్యం. నాకు ఛార్జిషీటు. ఉద్యోగం నిలవాలంటే ఎవరైనా ప్రజాప్రతినిధి నుంచి సత్ప్రవర్తన పత్రం తెమ్మన్నారు. హోలీ అయి నాలుగు నెలలు. జలరత్న అనే పేరు అప్పటికే గల్లీలన్నీ తిరుగుతోంది. వసారాలో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు మావయ్య. తలెత్తి చూశాడు, లెటర్‌ప్యాడు దగ్గరికి లాక్కున్నాడు. "ఏరా, గొడుగులా?" అన్నాడంతే. పావుగంట రాశాడు. జలరత్న నా రాతేనని ఆయనకు తెలియదనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. అలా అనుకోవడం బాగుండేది.

విజ్ఞానకోశంలో చోటు లేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

అమ్మిరాజు. పలాసలో పుట్టాడు. రైల్వేలో పనిచేశాడు. 2005 నుంచి 2009 దాకా రాయపూర్, గుఢియారీలో పార్షద్. వార్డులో మురుగుకాలవ బాగుచేయించలేకపోయాడు. అడిగినవాడికల్లా లెటరు రాసిచ్చాడు. రెండువందల పన్నెండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. పురస్కారాలు: లేవు.

మూలం ఒకటే ఉంది, హిందీలో. నాకు వచ్చిన తెలుగులో దించుతున్నాను.

"సూర్యారావును పుట్టినప్పటినుంచీ ఎరుగుదును. ఇతను మా వార్డు నివాసి. పనిమంతుడు. నడవడి మంచిది. ఇతనికి వినోదం ఎక్కువ. దానివల్ల ఇంతవరకు ఎవరికీ ఏ నష్టమూ జరగలేదని నాకు స్వయంగా తెలుసు. అమ్మిరాజు, పార్షద్."

ఆధారం కావాలి.